కరగపూరు మొక్కకి పథ్యం

పోయిన వారం మా తమ్ముడి కూతురు టెక్కలి నుంచి ఆటోలో వచ్చింది, ఒళ్ళో ఒక కుండీ పెట్టుకుని. టెక్కలి బ్యాంకులో ఉద్యోగం దానికి. ఒక్కతే ఒక ఫ్లాటులో అద్దెకుంటోంది. వచ్చీరాగానే మంచినీళ్ళయినా తాగకుండా కుండీ నా ముందు పెట్టి, "అత్తా, దీనికి ఎండ ఎక్కువైందా, తక్కువైందా? ముందు అది చెప్పు" అంది. వెడల్పాటి ఆకులు, పచ్చ మీద సున్నం చిలకరించినట్టు తెల్ల మచ్చలు. కింది రెండాకులు పసుపు తిరిగి వాలిపోయాయి. దాని పేరు డిఫెన్‌బాకియా అట. వెలుగు కొలిచేదేదో ఫోనులో పెట్టుకుంది. మా వంటింటి కిటికీ దగ్గర ఫోను పట్టుకుని అంకెలు చదివి వినిపించడం మొదలుపెట్టింది. నేను వినలేదు. ఆ మొక్కని చూసి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టుకుంటున్నాను.

"మీ ఇంట్లో కిటికీ ఎటుంది?" అన్నాను. "ఉంది గానీ తెరవనత్తా, ఎదురుగా పక్క అపార్ట్‌మెంటు గోడే. పైగా ఏసీ" అంది. పట్టపగలు తెరలు దించి చీకటి చేసుకోవడం, మళ్ళీ ట్యూబులైటు వేసుకోవడం, దాని కింద మొక్క పెట్టి ఎందుకు పెరగదని బెంగపడడం. తిట్టాలనిపించింది గానీ పిల్ల అలిసిపోయి ఉందని ఊరుకున్నాను. కుండీని కిటికీకి మూడు మూరల దూరంలో పెట్టి చూపించాను. ఎండ ఆకు మీద పడకూడదు, పక్కన ఉండాలి. వారానికోసారి కుండీని కొంచెం తిప్పాలి. కాడ మధ్యలో వేలితో తడిమితే లోపల ఆకు చుట్టుకుని ఉందో లేదో తెలిసిపోతుంది. "ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావత్తా?" అని ఆశ్చర్యపోయింది. మా రవణత్త దగ్గర అన్నాను. అది రవణత్తని ఎరగదు. "ఆవిడకి మొక్కలంటే అంత ఇష్టమా?" అంది. అవునంటే సగం అబద్ధం, కాదంటే పూర్తి అబద్ధం. ఎందుకంటే రవణత్త నాకు నేర్పింది మొక్కని పెంచడం కాదు, పెరగకుండా చూసుకోవడం.

పూండిలో రైలు దిగి సముద్రం వైపు నడిస్తే మా ఊరు వచ్చేది. ఇళ్ళన్నీ వరసగా, గోడకి గోడ ఆనుకుని ఉండేవి. ఇంటికి ముందు వీధి అరుగు, వెనక కొబ్బరి చెట్ల పెరడు. పక్కలకి కిటికీ పెట్టుకునే వీలే లేదు, పెడితే పక్కింటి వాళ్ళ వంటింట్లోకి తెరుచుకుంటుంది. అందుకని ఇంటి నడుమ ఉన్న పెద్ద నడవ ఎప్పుడూ మసకగానే ఉండేది. నానిన కొబ్బరి పీచు వాసన, వేసవిలో ముగ్గిన పనసపళ్ళ వాసన, పొయ్యి పొగ, అన్నీ ఆ నడవలోనే చేరి కదిలేవి కావు. పైన పెంకుల మధ్య ఒక్కటి, ఒకే ఒక్కటి, గాజు పెంకు ఉండేది. మా నాన్న టెక్కలి సంత నుంచి గడ్డిలో చుట్టి తెచ్చాడట దాన్ని. అందులోంచి జానెడు ఎండ పలక దిగేది.

ఆ పలకే మా ఇంటికి గడియారం. అది గోడ మీద దీపం గూటి దగ్గరుంటే నాన్నమ్మ పొయ్యి ముట్టించమనేది. కిందికి దిగి రోలు ఎక్కితే అన్నాలు. ధాన్యం గాదె కాళ్ళు తాకితే ఆవుకి కుడితి పెట్టాలి. దాని కోసం ఇంట్లో వంతులుండేవి. బియ్యంలో రాళ్ళేరడానికి అమ్మ చేట పట్టుకుని దాని వెనకే జరిగేది. సూదిలో దారం ఎక్కించాలంటే నాన్నమ్మ అక్కడికే వచ్చేది. ఎవరి వంతులో వాళ్ళు కూర్చుంటే మిగతా వాళ్ళు నీడ పడకుండా పక్క నుంచి నడిచేవాళ్ళు. ఇప్పుడు మా ఇంట్లో ఏ గదిలో ఎన్ని దీపాలు వెలుగుతున్నాయో నాకే తెలియదు.

అలాంటి ఇంట్లోకి రవణత్త వచ్చింది. మా నాన్నకి చెల్లెలు. అప్పటికి ఆరేళ్ళ కిందట పెళ్ళి చేసి ఖరగ్‌పూర్ పంపారు. మామయ్యకి అక్కడ రైల్వే కార్ఖానాలో పని. మా వైపు వాళ్ళు చాలామంది అక్కడ స్థిరపడినవాళ్ళే. మా వాళ్ళ నోటికి ఆ ఊరు కరగపూరు. ఆరేళ్ళలో అత్త రావడం అదే మొదటిసారి, అదీ జ్వరమొచ్చి కోలుకోవడం లేదని మామయ్య రైలెక్కించి పంపితేనే. ఒక చేతిలో గుడ్డల మూట, ఇంకో చేతిలో బిస్కట్ల రేకుడబ్బా, అందులో ఈ మచ్చల మొక్క. పక్క క్వార్టర్స్‌లో ఉండే బెంగాలీ ఆవిడ ఇచ్చిందట. ఉన్నవి మూడాకులు, మూడూ వాడిపోయి ఉన్నాయి.

అత్త తెల్లగా వచ్చింది. ఆ తెలుపు చూసి ఊళ్ళో ఆడవాళ్ళంతా మురిసిపోయారు. "ఓలమ్మ, నీ కూతురు నీడపట్టున ఉండి ఎంత రంగు తేలినాదే!" అని మా నాన్నమ్మ బుగ్గ నొక్కి మరీ వెళ్ళారు. నాన్నమ్మకి గర్వంతో కాలు నిలవలేదు. పెరట్లోకి వస్తే అత్త కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకునేది. అదీ పట్నం నాజూకేననుకున్నాం. ఇవాళ ఆ మాట తలుచుకుంటే సిగ్గేస్తుంది.

రెండు నెలలయ్యాక మామయ్య దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, మనిషి కోలుకుంటే పంపమని. నాన్నమ్మ ఉద్దానం మనిషి, కొబ్బరి మొక్కల మధ్య పుట్టి పెరిగింది. తావు మార్చి నాటిన కొబ్బరి మొక్క నడుమన కొత్త ఆకు పుల్ల లేస్తుందే, దాన్ని మొవ్వు అంటారు. ఆ మొవ్వు లేచేదాకా మొక్కని మళ్ళీ కదపకూడదన్నది మా వైపు ఎవరూ తప్పని పద్ధతి. నాన్నమ్మ దాన్ని మనుషులకి కూడా వర్తింపజేసింది. అత్త వైపు, డబ్బాలోని మొక్క వైపు మార్చి మార్చి చూసి తీర్పు చెప్పేసింది. "ఇద్దరూ ఒక్కపాలే వొచ్చినారు. దానికి మొవ్వెయ్యనీ. అది తిప్పుకున్నాదంటే ఈ పిల్ల కూడా తిప్పుకున్నట్టే. అప్పుడంపుతాను" అంది. నాన్న అదే ఉత్తరంలో రాశాడు. అవతలి వాళ్ళది సుమ్మాదేవి దగ్గర ఊరు, వాళ్ళకీ కొబ్బరి తోటలున్నాయి, ఆ మాటకి వాళ్ళూ ఎదురు చెప్పలేదు.

మొక్కకి ఎండ చూపించే పని నాకు పడింది. బయట పెడితే ఉప్పుగాలికి ఆకు మాడిపోతుంది, లేదంటే మేకలు. ఇంట్లో అయితే గాజు పెంకు ఎండ తప్ప వేరే వెలుగు లేదు. ఆ ఏడు గాలివానకి మా బడి పైరేకులు లేచిపోయి, కొత్తవి వచ్చేదాకా బడి పొద్దున్న రెండు గంటలే. నాన్నమ్మ తెల్లారగానే తోటకి పోయేది. పోతూ, "పిల్లా, ఎండ జరిగినప్పుడల్లా కుండీ జరపాల. ఆటలకి పోయినావంటే ఈపు సితకబొడుస్తాను" అనేది. రేకుడబ్బా పోయి మట్టికుండీ వచ్చింది. పదేళ్ళ దాన్ని, ఇంట్లో నాకంటూ ఒక ఉద్యోగం దొరికిందని తెగ సంబరపడిపోయాను.

నాన్నమ్మ గుమ్మం దాటగానే అత్త వచ్చి కుండీ తీసి గాదె వెనక చీకట్లో పెట్టేసేది. మొదటి రోజు నేను గొడవ చేశాను. "ఓసి పిచ్చిదానా, జొరమొచ్చి లేచినోడికి ఒక్కసారే పప్పన్నం పెడతామేటి? పత్తెం పెట్టాల. దీనికి ఎండ కూడా అంతే" అంది అత్త. నాకు నచ్చింది ఆ మాట. ఇక ఇద్దరం కలిసి పథ్యం మొదలుపెట్టాం. పొద్దుటి పూటంతా చీకటి. ఎండ రోలెక్కాక, దానికి మూరెడు ఎడంగా, ఒక చేట బియ్యం ఏరేంత సేపు. మళ్ళీ గాదె వెనక్కి. మూడు రోజులకోసారి అసలు ఎండ, అదీ పలక ఒక వేలెడు జరిగేవరకే. ఆకు చివర వాలితే మర్నాడు కాస్త ఎక్కువ చూపించేది. రోజూ కాడ మధ్యలో వేలితో తడిమి చూసేది. అక్కడ ఏమాత్రం ఉబ్బెత్తుగా తగిలినా రెండు రోజులు పూర్తిగా చీకటి. నాన్నమ్మ తోట నుంచి వచ్చే వేళకి మాత్రం కుండీ ఎండ పలకలో బుద్ధిగా కూర్చుని ఉండేది. "నానమ్మకి సెప్పకు, ముసిల్ది కంగారు పడతాది" అంది అత్త. రహస్యం దాచడమంటే ఏ పిల్లకి చేదు? అమ్మ మా నాటకం చూస్తూనే ఉండేది గానీ, ఎప్పుడూ ఏమీ అనలేదు.

మొక్క చావలేదు, చిగురించలేదు. చస్తే ఈ తావు అచ్చిరాలేదని నాన్నమ్మ ఆ మర్నాడే బండి కట్టిస్తుంది, చిగురిస్తే శుభమని బండి కట్టిస్తుంది. ఆ రెంటికీ మధ్య, వేలెడు ఎండలో, అత్త ఇంకో నాలుగు నెలలు మా ఇంట్లో ఉంది. ఇదంతా ఇప్పుడు చెబుతున్న మాట. అప్పటికి నాకు తెలిసింది పథ్యం ఒక్కటే.

ఒక మధ్యాహ్నం కుండీ పక్కన కూర్చుని అడిగాను, "కరగపూరులో దీనికి ఎండ ఎలగ సూపించీదానివత్తా?" అని.

"అక్కడ ఎండ ఎక్కడుందే."

"కిటికీ నేదేటి?"

"ఉన్నాది. మేకులు కొట్టీసున్నాది."

"మరి తలుపు?"

"మీ మావ డూటీకి ఎల్లీటప్పుడు బయట తాళమేసుకొని ఎల్తాడు. సాయంత్రం తీస్తాడు. తలుపు కింద సందులోంచి రెండు వేళ్ళ మందాన ఎలుగొచ్చీది. డబ్బా అక్కడ పెట్టీదాన్ని."

"దొంగలొస్తారనేటి?"

అత్త బియ్యంలోంచి ఒక రాయి తీసి పక్కన పెట్టింది. "ఊఁ" అంది. కరగపూరు చాలా డబ్బున్న ఊరు కాబోలని, మామయ్య చాలా జాగ్రత్త గల మనిషని నేననుకున్నాను.

ఇంతలో మా పిన్ని పురిటికి టెక్కలి ఆసుపత్రిలో చేరింది. ఇంట్లో ఖాళీ మనిషి రవణత్తే కదా అని అందరి లెక్క, ఆమెని తోడు పంపారు. "పత్తెం తప్పించకు" అని నాకు మరీ మరీ చెప్పి వెళ్ళింది. తప్పించకూడదనే అనుకున్నాను. కానీ అత్త లేని ఇల్లు నాకు బోసిపోయింది, ఆమె వచ్చేసరికి ఏదో ఒకటి చేసి మెప్పు పొందాలనిపించింది. జ్వరం తగ్గిన మనిషికి ఎన్నాళ్ళని గంజి పోస్తారు? నాలుగు నెలల పథ్యం అయింది, ఇక పప్పన్నం పెట్టొచ్చని నేనే నిర్ణయించేసుకున్నాను. అదే సమయానికి వానలకి ముందు పెంకులు సర్దే మనిషి వచ్చాడు. వాణ్ణి బతిమాలి, తడి కొబ్బరి పీచుతో గాజు పెంకు తోమించాను. ఏళ్ళ తరబడి పట్టిన మసి పోయింది, నడవ నడవంతా తేటపడింది. అత్త లేని ఆ ఇరవై రోజులూ కుండీని ఎండ వెంట గోడ నుంచి గాదె దాకా తిప్పాను. పదో రోజున కాడ మధ్యలోంచి లేత పచ్చటి చుట్ట ఒకటి తలెత్తింది. వీధంతా వినపడేలా "నానమ్మా, మొవ్వేసినాదీ" అని అరుచుకుంటూ తోటకి పరిగెత్తాను.

నాన్నమ్మ వచ్చి చూసి, కుండీకి పసుపు బొట్టు పెట్టింది. అదే రోజు నాన్న చేత ఉత్తరం రాయించింది. టెక్కలి నుంచి అత్త వచ్చేసరికి అవతలి వాళ్ళు ఫలానా రోజున వస్తున్నారని కబురు కూడా వచ్చేసింది. అత్త నడవలోకి వచ్చి, మొక్క ముందు కూర్చుంది. చుట్టని వేలితో తాకింది. నేను మెప్పు కోసం పక్కనే నిలబడ్డాను. నా తల నిమిరి, "బాగా పెంచినావే" అంది. లేచి వెళ్ళి తన బట్టలు మడత పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఒక్క తిట్టు తిట్టినా నాకు ఇంత బాధ ఉండేది కాదు.

వాళ్ళు వచ్చే రోజు పొద్దున్న నాన్నమ్మ వంటింట్లో సున్నుండలు చుడుతోంది. నేను పక్కన కూర్చుని నెయ్యి అందిస్తున్నాను. అత్త పోతుందని ఏడుపొస్తోంది గానీ, పైకి చెప్పడానికి నాకు దొరికింది మొక్క ఒక్కటే.

"నానమ్మా, మొక్కని ఇక్కడే ఉంచీద్దాం. అక్కడికెల్తే మల్లీ వాడిపోద్ది."

"ఎందుకు వాడిపోద్ది? మొవ్వేసినాది గదే."

"అక్కడ కిటికీకి మేకులు కొట్టీసినారు గదా. మావ బయట తాళమేసుకొని ఎలిపోతాడు గదా. ఎండెక్కడుంటాది?"

నాన్నమ్మ చేతిలో ఉండ విరిగింది. "ఏటన్నావు?" అంది. మళ్ళీ చెప్పాను. పిండి చేతులతోనే లేచి నడవలోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను.

"రవణా, తాళం సంగతి నాకు సెప్పనేదేటే?"

అత్త తలెత్తలేదు. "ఏటని సెప్పనమ్మా? కొట్టినాడా? తిట్టినాడా? బియ్యం తెచ్చినాడు, బట్టలు తెచ్చినాడు. తాళమేసినాడు అని సెప్తే ఎవులు ఒప్పుకుంటారు? నువ్వు ఒప్పుకుందువా?"

నాన్నమ్మ ముఖంలో నేను చూసింది కోపం కాదు. ఆర్నెల్లుగా వీధి వీధికీ చెప్పుకుని మురిసిన కూతురి తెలుపుని, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. సరిగ్గా అప్పుడే వీధి అరుగు మీద చెప్పుల చప్పుడైంది. అత్త బావగారు, అంటే మామయ్య అన్న, పొద్దుటి పాసింజరుకి దిగి వచ్చేశాడు. "అత్తా, ఉన్నారా?" అని నాన్నమ్మని పిలిచాడు.

నాన్నమ్మ వంగి, పిండి చేత్తోనే ఆ లేత చుట్టని పట్టుకుని మొదలంటా తుంచేసింది. పిడికిట్లో పెట్టుకుని బయటికి నడిచింది.

ఆయన కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కుశలాలయ్యాక మెల్లిగా కదిపాడు. "మొవ్వేసినాదని రాసినారు గదా అత్తా. మావోడు ఒకటే తొందర పెడతన్నాడు."

"ఏసినాది బాబూ. నిలవనేదు."

ఆయనకి అనుమానం వచ్చింది. లేచి నడవలోకి వచ్చి, కుండీ ముందు గొంతుక్కూర్చుని చూశాడు. తాజాగా తెగిన చోట పాలలాంటి చెమ్మ ఇంకా ఆరలేదు. ఎలా పోయిందో కనిపెట్టలేనంత అమాయకుడేం కాదు. నాన్నమ్మ ముఖం చూశాడు, గోడ పక్కన నిలబడ్డ అత్తని చూశాడు. "మరెలగత్తా?" అన్నాడు.

"నానేటి సెప్పను నాయనా. మీకూ కొబ్బరి తోటలున్నాయి. మొవ్వు నిలవని మొక్కని మీరు కదుపుతారేటి?"

ఆ పద్ధతి ఆయనదీ. భోంచేసి, ఏమీ తెలియనట్టే సున్నుండలు పట్టుకుని మధ్యాహ్నం రైలుకి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత ఉత్తరాలు రెండు వచ్చి ఆగిపోయాయి. మామయ్య అక్కడే ఇంకో మనిషిని తెచ్చుకున్నాడని విన్నాం. రవణత్త మాతోనే ఉండిపోయింది. కొన్నేళ్ళకి పలాసలో జీడిపప్పు ఏరే పనికి కుదిరింది, చివరిదాకా ఆ పని చేసింది. షెడ్డులో ఎప్పుడూ కిటికీ పక్క చోటే అడిగేదట. తను పడుకునే గది తలుపు ఒక్కరోజూ గడియ పెట్టుకోలేదు. ఆ కాలం బంగారమని మా ఈడు వాళ్ళు అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒక మనిషిని ఆరేళ్ళు చీకట్లో పెడితే, అది తప్పు అనడానికి ఆ కాలంలో మా దగ్గర మాట కూడా లేదు. అన్నం పెడుతున్నాడా, బట్ట పెడుతున్నాడా, అంతే ప్రశ్న. మా తమ్ముడి కూతురు తెరలు దించుకుని బతుకుతోందని విసుక్కున్నాను గానీ, పొద్దున్నే తన తలుపుకి తనే తాళం వేసుకుని, తాళంచెవి తన సంచీలో వేసుకుని బ్యాంకుకి పోతుంది. ఆ ఒక్కదానికి దాని ట్యూబులైట్లన్నీ క్షమించేయొచ్చు. అయితే ఆ రోజు మా ఇంట్లో ఒక ముసలావిడ మాట లేకుండానే దారి వెతుక్కుంది. అది కూడా ఆ కాలమే.

ఆ మొక్క పాలు తగిలితే కంద కంటే ఎక్కువ దురద. అప్పటికి మాలో ఎవరికీ తెలియదు. ఆ రోజు అత్త బావగారు ఉన్నంతసేపూ నాన్నమ్మ పిడికిలి విప్పలేదు. వడ్డన కూడా ఎడమ చేత్తో ఏంటని అమ్మ విస్తుపోయి గరిటె తను తీసుకుంది. ఆయన వీధి మలుపు తిరిగాక నాన్నమ్మ నడవలో కూలబడి పిడికిలి విప్పింది. నలిగిన ఆకు కింద పడింది. అరచెయ్యి ఎర్రగా పొంగిపోయి ఉంది. అత్త పరుగున వెళ్ళి చింతపండు నానబెట్టి తెచ్చి, తల్లి చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని రుద్దసాగింది. అప్పటికి గాని అత్తకి ఏడుపు రాలేదు. ఏడుస్తూనే రుద్దుతోంది. ఎండ పలక ఇద్దరి మీదా పడి ఉంది. బియ్యం ఏరుకోవాల్సిన అమ్మ చేట పట్టుకుని దూరంగా నిలబడిపోయింది.

"అమ్మా, నెల తిరిగితే మల్లీ మొవ్వేస్తాది గదా. అప్పుడేటి సేత్తావు?" అంది అత్త.

నాన్నమ్మ వాచిన చెయ్యి ఆమె ఒళ్ళోనే వదిలేసి, రెండోది చాచి చూపించింది. "ఇదున్నాది గదే" అంది.